పాత జీపు ముందు కమాన్లు, చాసిస్ బాగుచేయడం: కొలతల నుంచి అలైన్‌మెంట్ దాకా

పాత జీపు వేగం నలభై దాటగానే స్టీరింగ్ చేతుల్లో గిలగిలలాడితే చాలామంది చేసే మొదటి పని కొత్త టైర్లు వేయించడం. తర్వాత బ్యాలెన్సింగ్. ఆ తర్వాత టై రాడ్ ఎండ్లు, అంటే ముందు చక్రాలను తిప్పే కడ్డీల కొసల కీళ్లు. అప్పటికీ తగ్గకపోతే ఎవరో ఒకరు స్టీరింగ్ డ్యాంపర్ పెట్టించుకోమంటారు. డబ్బులు పోతాయి, ఊపు మాత్రం అలాగే ఉంటుంది. అసలు జబ్బు చాలాసార్లు కింగ్‌పిన్ (ముందు చక్రం అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన పిన్ను) బేరింగుల్లోనో, బెల్ క్రాంక్‌లోనో (స్టీరింగ్ కదలికను చక్రాల వైపు మళ్లించే చెయ్యి), కమాను షాకిళ్లలోనో ఉంటుంది. కమాను అంటే బరువు మోసే ఉక్కు పట్టీల కట్ట, షాకిల్ అంటే దాని కొసను చాసిస్‌కు తగిలించే ఊగే కొక్కెం. వీటన్నిటినీ మోసే చాసిస్సే వంకరగా ఉంటే ఎన్ని కొత్త పార్టులు వేసినా ఫలితం ఉండదు.

కాబట్టి పని కింది నుంచి పైకి నడవాలి. ముందు చాసిస్, తర్వాత కమాన్లు, తర్వాత యాక్సిల్, తర్వాత స్టీరింగ్, చివర్న అలైన్‌మెంట్. పెయింటు సంగతి వీటి మధ్యలో ఎక్కడ వస్తుందో కూడా చెబుతాను. అందరూ తొందరపడేది అక్కడే.

ఇక్కడ నమూనాగా తీసుకుంటున్నది సీజే-3బీ, అంటే ఎత్తు బానెట్ జీపు. ఎఫ్-హెడ్ హరికేన్ ఇంజన్ ఎత్తుగా ఉండటంతో దాన్ని పట్టించడానికి విల్లీస్ వాళ్లు 1953లో బానెట్ ఎత్తు పెంచారు. ఆ నమూనానే మహీంద్రా మన దేశంలో చాలా ఏళ్లు తయారుచేసింది. చక్రాల మధ్య దూరం 80 అంగుళాలు, టైర్లు 6.00-16, ముందు డానా 25 యాక్సిల్, రెండు వైపులా కమాన్లు, నిచ్చెన ఆకారపు చాసిస్. కింద ఇచ్చే అంకెలన్నీ సీజే-3బీవి. ఎంఎం540 లాంటి తర్వాతి బళ్లకు పద్ధతి ఇదే గానీ అంకెలకు వాటి మాన్యువల్ చూడండి.

పానా పట్టేముందు కాగితాలు

చాసిస్ మీద చెయ్యి వేసేముందు ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరు, బండి మీద ఉన్న నంబరు ఒకటేనా చూసుకోండి. తుప్పు కింద నంబరు కనబడకపోతే గ్రైండర్ పెట్టకండి. కిరసనాయిలు, మెత్తటి ఇత్తడి బ్రష్‌తో నెమ్మదిగా తుడవండి. ఆ చోటును ఫొటో తీసుకుని, బ్లాస్టింగ్ (రవ్వను గాలితో కొట్టి తుప్పు వదిలించడం) చేసేవాళ్లకు చూపించి, టేపు వేయించండి. ఒకసారి అరిగిపోయిన నంబరును మళ్లీ కొట్టించుకోవడం ఆర్‌టీవో అనుమతి లేకుండా కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు మారిపోయేలా బండిని మార్చడం కూడా కుదరదు.

యాభై ఏళ్లు దాటిన బండి అయితే ఇంకో విషయం. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల కింద ‘వీఏ’ నంబరు తీసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్‌లోగానీ బాడీలోగానీ ఇంజన్‌లోగానీ పెద్ద మార్పులు ఉండకూడదు. చాసిస్ పొడవు తగ్గించడం, కమాన్లను యాక్సిల్ కింద నుంచి తీసి పైన పెట్టి బండి ఎత్తు పెంచడం లాంటి సరదాలు ఉంటే ఇక్కడే ఆలోచించుకోండి. ఎత్తు పెంచితే డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సును బెల్ క్రాంక్‌కు కలిపే కడ్డీ) కోణం పాడై, ప్రతి గుంతకూ స్టీరింగ్ తనంతట తానే తిరుగుతుంది. ఫొటోల్లో బాగుంటుంది, ఘాట్ రోడ్డు మీద ప్రాణం తీస్తుంది.

విప్పకముందే జబ్బు పట్టుకోవడం

ముందు చక్రాన్ని జాకీతో లేపండి. స్టాండు తప్పనిసరి, ఇటుకల మీద బండిని నిలబెట్టకండి. చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఊపండి. ఆట ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే జబ్బు హబ్ బేరింగుల్లో ఉన్నట్టు. బ్రేకు తొక్కినా ఆట ఉంటే కింగ్‌పిన్ బేరింగులు పోయినట్టు. ఈ ఒక్క పరీక్ష తెలియక హబ్ బేరింగులు అనవసరంగా మార్చినవాళ్లు ఎందరో.

తర్వాత చక్రాలు నేల మీద ఉంచి, ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతుంటే మీరు కింద పడుకుని చూడండి. ముందు అడ్డ దూలం మీద ఉండే బెల్ క్రాంక్ తన పిన్ను మీద పక్కకి ఒరుగుతోందా? స్టీరింగ్ బాక్సు బోల్టులున్న చోట చాసిస్ రేకే ఊపిరి తీస్తున్నట్టు కదులుతోందా? ఈ రెండోది బాగా చూడండి. ఏళ్ల తరబడి లాగుడు పడి అక్కడి బోల్టు రంధ్రాల నుంచి సన్నటి పగుళ్లు మొదలవుతాయి. మడ్డి కింద అవి కనిపించవు. కదలిక మాత్రం కనిపిస్తుంది.

డీజిల్ ఇంజన్ వేసిన జీపు అయితే ఇంజన్ మౌంటింగులున్న చోట్లు, ముందు అడ్డ దూలం రివెట్లు రెండుసార్లు చూడాలి. పెట్రోలు ఇంజన్ కోసం చేసిన చాసిస్ మీద బరువు, అదురు రెండూ పెరిగాయి మరి.

చాసిస్ తిన్నగా ఉందా

దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఇల్లు కట్టే మేస్త్రీ దగ్గర ఉండే సామాను చాలు: దారానికి కట్టిన గుండు, లెవల్ చూసే నీళ్ల ట్యూబు, పొడవాటి టేపు, సుద్దముక్క. నేల మాత్రం సిమెంటుది, నున్నగా ఉండాలి.

బండిని నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టండి. చాసిస్‌కు రెండు వైపులా ఒకేలా ఉండే బిందువులు ఎంచుకోండి. ముందు షాకిల్ బ్రాకెట్లు, ముందు కమాను వెనక కొస పిన్నులు, వెనక కమాను ముందు కొస పిన్నులు, వెనక షాకిల్ బ్రాకెట్లు. ప్రతి బిందువు నుంచి గుండు వదిలి, నేల మీద అది చూపిన చోట సుద్దతో చిన్న చుక్క పెట్టండి. గాలికి గుండు ఊగుతుంటే దాన్ని నీళ్ల మగ్గులో ముంచితే చప్పున నిలుస్తుంది. అన్నీ అయ్యాక బండిని స్టాండ్ల మీంచి దించి పక్కకు తోస్తే చాసిస్ పటం మొత్తం నేల మీద ఉంటుంది.

ఇప్పుడు ముందు కుడి చుక్క నుంచి వెనక ఎడమ చుక్కకు, ముందు ఎడమ నుంచి వెనక కుడికి టేపు పట్టండి. రెండు కొలతలూ సమానంగా రావాలి. తేడా ఐదారు మిల్లీమీటర్ల లోపల ఉంటే దాని జోలికి పోకండి. అంతకు మించితే ఒక దూలం ముందుకో వెనక్కో జరిగింది, అంటే చతురస్రం కాస్తా పతంగి ఆకారం అయింది. పూర్తి పొడవుకే కాకుండా ముందు సగానికి విడిగా, వెనక సగానికి విడిగా కూడా మూలలు కొలవండి. అప్పుడే వంకర ఎక్కడుందో తెలుస్తుంది. ముందు గుద్దుకున్న జీపుల్లో ముందు సగమే తప్పుతుంది.

మెలిక వేరే జబ్బు. నేల మీది చుక్కలు దాన్ని పట్టుకోలేవు. దానికి నీళ్ల ట్యూబు. ముందు రెండు బిందువులను ట్యూబుతో చూస్తూ సమానం చేయండి, తర్వాత వెనక రెండు బిందువులు చూడండి. ముందు సమంగా ఉండి వెనక ఒక పక్క కిందికి ఉంటే చాసిస్ మెలి తిరిగింది. కమాన్లు కూలినందువల్ల బండి ఒక పక్కకు ఒరిగితే అది మెలిక కాదు. అందుకే చాసిస్‌ను స్టాండ్ల మీద పెట్టి కొలవమన్నది.

తేడా ఉంటే లారీ చాసిస్‌లు సరిచేసే షాపుకే తీసుకెళ్లండి. విజయవాడ, గాజువాక, హైదరాబాద్ ఆటోనగర్లలో ఈ పని తెలిసినవాళ్లు దొరుకుతారు. ముందే ఒక మాట చెప్పండి: గొలుసులు, హైడ్రాలిక్ జాకీలతో చల్లగానే లాగాలి. గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చి వంచితే సులువుగా వంగుతుంది, కానీ అక్కడ ఉక్కు బలం పోతుంది, మళ్లీ అక్కడే వంగుతుంది.

తుప్పు, పగుళ్లు

బాడీ దించాక చాసిస్ మొత్తం గీకి, చిన్న సుత్తితో కొట్టుకుంటూ వెళ్లండి. మంచి రేకు గణగణమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా చప్పుడు చేస్తుంది. బాగున్న చోట వెర్నియర్‌తో మందం కొలిచి, అనుమానం ఉన్న చోటి కొలతతో పోల్చండి. భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన జీపులకు ఉప్పునీటి తుప్పు దూలం లోపలి నుంచి వస్తుంది. పైకి బాగానే కనబడుతుంది, స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగిపోతుంది. మెట్ట ప్రాంతం బళ్లకు రెండు రేకులు కలిసే చోట ఎర్రమట్టి గట్టిపడి తేమను పట్టి ఉంచుతుంది, అక్కడ చూడాలి.

వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ వైర్లు తీసేయాలి, పెట్రోలు ట్యాంకు బండి నుంచి దించేయాలి. ఈ జీపుల్లో ట్యాంకు ముందు సీటు కిందే ఉంటుంది. ఖాళీ ట్యాంకే కదా అనుకోకండి, నిండు ట్యాంకు కంటే ఆవిరితో ఉన్న ఖాళీ ట్యాంకే ప్రమాదం.

పగులు మీద నేరుగా వెల్డింగ్ పూసేస్తే అది పక్క నుంచి మళ్లీ పాకుతుంది. పగులు ఎక్కడ ఆగిందో చూసి, దాని కొసన 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. పగులు పొడవునా గ్రైండర్‌తో ‘వి’ ఆకారపు గాడి తీసి, అడుగు దాకా నింపేలా వెల్డింగ్ చేయించండి. ఆర్క్ వెల్డింగ్ అయితే 7018 రాడ్లు, అదీ తేమ లేకుండా ఓవెన్‌లో ఆరబెట్టినవి వాడమనండి. పైన పట్టీ వేయాల్సి వస్తే దాన్ని డైమండ్ ఆకారంలో కోయించండి. నిలువు అంచు ఉన్న చదరపు పట్టీ వేస్తే ఆ అంచు వెంబడే దూలం మళ్లీ విరుగుతుంది. దూలం పై అంచుకూ కింది అంచుకూ అడ్డంగా వెల్డింగ్ గీత రాకూడదు. లారీ పనివాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులో మాత్రం చెప్పాలి. అసలు అక్కడికి వెళ్లకపోవడమే మంచిది.

వదులైన రివెట్లను వెల్డింగ్ చుక్కలతో అంటించకండి. తల కోసి, బయటికి కొట్టి, రంధ్రాన్ని శుభ్రంగా రీమర్ చేయించి, బిగుతుగా దూరే 8.8 గ్రేడు బోల్టు, లాక్ నట్టు వేయండి.

ఇప్పుడు పెయింటు. బ్లాస్టింగ్ అయిన రోజే, తేమ తగలకముందే ప్రైమర్ పడాలి. ఆరుబయట పొడి ఇసుకతో బ్లాస్టింగ్ చేస్తే ఆ ధూళి ఊపిరితిత్తులను తినేస్తుంది, గ్రిట్ వాడే షాపు వెతకండి. మామూలు రెడ్ ఆక్సైడ్ కంటే జింక్ ఉన్న ఎపాక్సీ ప్రైమర్, దాని మీద ఎపాక్సీ నలుపు బాగా నిలుస్తాయి. పౌడర్ కోటింగ్ నిగనిగలాడుతుంది గానీ చాసిస్‌కు నాకు నచ్చదు. కొత్త పగులు వస్తే దాని కింద దాక్కుంటుంది, ఒకచోట లేచిందంటే లోపల నీరు పాకిపోతుంది. ఈ దశలో ప్రైమర్ వరకే ఆపండి. పైకోటు బండి కూర్చి, కొన్నాళ్లు తిప్పి, మళ్లీ చూశాకే. పాత మెకానిక్కులు వాడేసిన ఇంజన్ ఆయిల్‌ను డీజిల్‌లో కలిపి చాసిస్‌కు పూస్తారు. తుప్పును కొంత ఆపుతుంది నిజమే, కానీ రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి, దుమ్ము పేరుకుంటుంది. దూలాల లోపలికి మైనపు స్ప్రే కొట్టించడం మేలు.

కమాన్లు

ఎడమ చక్రాల నట్లు కొన్ని జీపులకు తిరగేసిన మరతో, అంటే ఎడమకు తిప్పితే బిగిసేలా, ఉంటాయి. బోల్టు కొస మీద ‘ఎల్’ అక్షరం ఉందేమో చూశాకే పానా మీద బరువు వేయండి.

కట్ట దించాక సెంటర్ బోల్టు విప్పేముందు రెండు వైపులా సి-క్లాంపులు బిగించండి. లేకపోతే పట్టీలు ఒక్కసారిగా విడిపోయి చేతులు పోతాయి. ప్రతి పట్టీ కొసన కింది పట్టీని ఒరుసుకుని ఏర్పడిన మెట్టు ఉంటుంది. అది చిన్నదైతే గ్రైండర్‌తో నున్నగా చేయొచ్చు. లోతుగా ఉంటే, లేదా ప్రధాన పట్టీ చెవి అరిగి ఉంటే, ఆ పట్టీ మార్చాల్సిందే.

కూలిన కట్టకు రెండు దారులు. కమాను షాపులో చల్లగా సుత్తి దెబ్బలతో వంపు తెప్పించుకోవచ్చు, అది కొంతకాలం నిలుస్తుంది. కాల్చి వంచి, మళ్లీ సరిగ్గా టెంపర్ చేయకుండా ఇచ్చేస్తే మాత్రం నెలల్లో మళ్లీ కూలుతుంది. ఇంకో అలవాటు, ‘ఒక పట్టీ ఎక్కువ వేయించండి సార్’ అనడం. బరువైన డీజిల్ ఇంజన్ ఉంటే అందులో అర్థం ఉంది, పెట్రోలు జీపుకు వేయిస్తే బండి రోడ్డు మీద నడవదు, గెంతుతుంది. పని అయ్యాక రెండు కట్టల చెవి నుంచి చెవికి దారం లాగి, దారానికీ ప్రధాన పట్టీకీ మధ్య ఎత్తు కొలవండి. కుడి ఎడమల్లో ఆ ఎత్తు తేడా లేకుండా ఉంటేనే షాపు నుంచి తీసుకోండి. పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పూసి, కొత్త సెంటర్ బోల్టుతో కూర్చండి.

ముందు కమాన్లకు షాకిళ్లు ముందు కొసన, స్థిరమైన పిన్ను వెనక కొసన ఉంటాయి. పాత జీపుల షాకిళ్లు ‘యు’ ఆకారంలో, మరలతో ఉంటాయి. బుష్ కూడా మర ఉన్నదే. వీటిలో కొన్నిటికి తిరగేసిన మర. షాకిల్ కాలు మీద చిన్న బుడిపె, బుష్ తల చుట్టూ గాడి ఉంటే అది తిరగేసిన మర అని గుర్తు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో మరెక్కడో పార్టులు కొనేటప్పుడు పాతవి చేతిలో పట్టుకెళ్లి, ఒక్కొక్కటీ సరిపోల్చుకుని తెచ్చుకోండి. షాకిల్‌ను బ్రాకెట్లో, కమాను చెవిలో పెట్టి, పై బుష్‌ను నాలుగైదు చుట్లు, కింది బుష్‌ను నాలుగైదు చుట్లు, అలా మార్చి మార్చి ఎక్కించాలి. ఒకదాన్ని పూర్తిగా బిగించాక రెండోది పెడదామంటే మర తప్పుతుంది. అంతా అయ్యాక షాకిల్ చేత్తో తోస్తే ఊగాలి, బిగుసుకుపోకూడదు.

యు-బోల్టులు ఎప్పుడూ కొత్తవే వేయండి. మాన్యువల్ చెప్పే బిగింపు 50 నుంచి 55 అడుగు-పౌండ్లు, అంటే దాదాపు 7 కిలోగ్రామ్-మీటర్లు. పానాకు పైపు తగిలించి ఊగిపోతూ బిగించే అలవాటు వల్ల కమాన్లు వంగిపోతాయి. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ అద్దెకైనా తెచ్చుకోండి. మీ బండికి రబ్బరు బుష్‌లు ఉంటే పిన్ను బోల్టుల చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడ్డాకే చేయాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఉండి త్వరగా చిరిగిపోతుంది.

కింగ్‌పిన్ బిగింపు: స్ప్రింగ్ కాటాతో

ఊపు రోగానికి అసలు మందు ఇక్కడుంది, ఓపిగ్గా చేయండి. డ్రమ్ములు తీసేటప్పుడు లోపలి దుమ్మును గాలితో ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడవండి.

నకిల్‌కు, అంటే ముందు చక్రాన్ని అటూ ఇటూ తిప్పే కీలు భాగానికి, పైన ఒకటి, కింద ఒకటి టేపర్ బేరింగులు, వాటి మూతల కింద పలుచటి షిమ్ములు (సర్దుబాటు రేకులు) ఉంటాయి. 3, 5, 10, 30 థౌ మందాల్లో దొరుకుతాయి (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). బేరింగుల్లో గుంటలు, నీలిరంగు, తుప్పు మచ్చలు ఉంటే కప్పులతో సహా మార్చండి. కొత్త బేరింగులకు గ్రీజు పట్టించి, ఆయిల్ సీలు ఇంకా వేయకుండా, టై రాడ్ తగిలించకుండా నకిల్ కూర్చండి. షిమ్ములు పైన ఎంతో కింద అంతే ఉండాలి, లేకపోతే లోపలి షాఫ్టు మధ్యలో ఉండదు. మూతల బోల్టులు పూర్తిగా బిగించండి.

ఇప్పుడు టై రాడ్ తగిలే రంధ్రానికి స్ప్రింగ్ కాటా కొక్కెం వేసి, నకిల్ చేతికి లంబకోణంలో మెల్లగా లాగండి. నకిల్ కదలడం మొదలుపెట్టిన ఆ క్షణంలో కాటా 12 నుంచి 16 పౌండ్లు, అంటే 5.4 నుంచి 7.3 కిలోలు చూపాలి. తక్కువ చూపితే షిమ్ము తీయాలి, ఎక్కువ చూపితే కలపాలి. ఒక్క 3 థౌ షిమ్ముతో కాటా ముల్లు ఎంత దూరం జరుగుతుందో చూస్తే, ‘చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది’ అనే మాట మీద నమ్మకం పోతుంది. రెండు వైపులా ఒకే అంకె వచ్చాకే ఆయిల్ సీలు, ఫెల్టు వేయండి. నకిల్ గుండు మీద తుప్పు గుంటలుంటే సన్న ఎమరీతో నున్నగా చేయండి, లేకపోతే కొత్త సీలు కూడా కారుతుంది.

హబ్ బేరింగుల నట్టును చక్రం బిగుసుకునే దాకా తిప్పి, అక్కడి నుంచి చుట్టులో ఆరో వంతు వెనక్కి వదలాలి. లాక్ వాషర్ వంచడం మరిచిపోవద్దు. బెల్ క్రాంక్ పిన్ను అరిగితే పిన్ను, బేరింగులు కలిపి మార్చాలి. లేత్ షాపులో ఇత్తడి బుష్ చేయించి సర్దేవాళ్లున్నారు. గ్రీజు దారి సరిగ్గా పెడితే అదీ పనిచేస్తుంది.

అలైన్‌మెంట్, రోడ్డు మీద పరీక్ష

సీజే-3బీకి క్యాస్టర్ (కింగ్‌పిన్ పైభాగం వెనక్కి వాలు) 3 డిగ్రీలు, క్యాంబర్ (చక్రం పైభాగం బయటికి వాలు) ఒకటిన్నర డిగ్రీ, టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండటం) 1.2 నుంచి 2.4 మిల్లీమీటర్లు. క్యాంబర్ యాక్సిల్‌తోనే వస్తుంది, మార్చడానికి నట్టు ఉండదు. తేడా ఉంటే యాక్సిల్ వంగినట్టు. క్యాస్టర్ తక్కువైతే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. కమానుకూ యాక్సిల్‌కూ మధ్య ఉక్కు టేపర్ ముక్క పెట్టి, యాక్సిల్ పైభాగం వెనక్కి వాలేలా సరిచేయాలి. అల్యూమినియం ముక్కలు నలిగిపోతాయి, వద్దు.

టో-ఇన్ ఇంట్లోనే చూడొచ్చు. చక్రాలు లేపి, తిప్పుతూ టైరు మధ్యలో సుద్ద పూసి మేకుతో గీత గీయండి. బండిని దించి, రెండు మూడు మీటర్లు ముందుకు తోసి ఆపండి. యాక్సిల్ ఎత్తులో ముందు వైపు గీతల మధ్య దూరం, వెనక వైపు దూరం కొలిస్తే ఆ తేడాయే టో-ఇన్. ముందు కొలత తక్కువ ఉండాలి. టై రాడ్ తిప్పి సరిచేసి, మళ్లీ తోసి, మళ్లీ కొలవండి.

మొదటి పరీక్ష ఖాళీ రోడ్డు మీద, ముప్పై వేగంతో. తిరిగి వచ్చి హబ్‌లను ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే నట్టు బిగువెక్కువ. 500 కిలోమీటర్లకు యు-బోల్టులు, చాసిస్‌లో కొత్తగా వేసిన బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడండి. వెల్డింగ్ చేసిన చోట్ల ప్రైమర్ మీద సన్నటి గీత లేచిందేమో టార్చి వేసి వెతకండి. ఏమీ లేకపోతే అప్పుడు పైకోటు. షాకిళ్లకు, బెల్ క్రాంక్‌కు, టై రాడ్ ఎండ్లకు 1,600 కిలోమీటర్లకు ఒకసారి గ్రీజు పట్టించాలి. వాగులో దింపితే మాత్రం ఆ లెక్క చూడకండి, ఇంటికి రాగానే పాత గ్రీజు బయటికి వచ్చేదాకా గన్ను కొట్టండి.